మీ ఇంటి అవ్వ కథను ఆమె కాలంతో కలిపి రాయడం ఎలా

తిరుపతిలో తహసీల్దారు ఆఫీసు దగ్గర ఇరవై రెండేళ్లుగా నాకు జిరాక్సు షాపు ఉంది. అడంగళ్లు (పొలం లెక్కలు), ఈసీలు (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రాలు), భాగపరిష్కార పత్రాలు, పాత రేషను కార్డులు, ఎన్నో ఇళ్ల కాగితాలు నా చేతుల మీదుగా పోయాయి. మా అవ్వ ట్రంకుపెట్టెలో ఉన్నవి మాత్రం నేనెప్పుడూ కాపీ తీయలేదు. 2021 నవంబరు వానకు తిరుపతిలో పల్లపు వీధులన్నీ మునిగాయి, స్వర్ణముఖి పొంగింది. మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. పెట్టె మంచం కింద ఉంది. రెండు రోజుల తర్వాత మూత తీసి చూస్తే మా తాత రాసిపెట్టిన లెక్కల పుస్తకం ముద్దయిపోయింది. అవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. "పోనీలే నాయనా, నాకు గురుతుందిలే" అంది. అప్పటికి ఆమెకు ఎనభై ఏడేళ్లు.

ఆ మాట పట్టుకుని అడగడం మొదలుపెట్టాను. 2024 మొదట్లో ఆమె పోయేదాకా అడుగుతూనే ఉన్నాను. ఇప్పుడు మా ఇంట్లో ముప్పై రెండు పేజీల పుస్తకం ఉంది. షాపుకు వచ్చినవాళ్లు దాన్ని తిరగేసి "మా నాయనది కూడా ఇట్లా రాయాలంటే ఏం చేయాల?" అని అడుగుతుంటారు. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

మా అవ్వ తిరుత్తణి దగ్గర ఒక పల్లెలో పుట్టింది. చంద్రగిరి దగ్గర పల్లెకు కోడలిగా వచ్చింది. తర్వాత తిరుపతి చేరి నలభై ఏళ్లు ఇస్తరాకులు కుట్టి అమ్మింది. బడికి పోలేదు. ఆమె పేరు ఏ పేపర్లోనూ రాలేదు. కానీ ఆమె చూస్తుండగానే తెల్లదొరల రాజ్యం పోయింది, మద్రాసు రాష్ట్రం విడిపోయింది, డబ్బులు మారాయి, తూకాలు మారాయి. అవన్నీ ఆమె వంటింట్లోకి, ఆమె రొంటిన దోపుకున్న చిల్లర సంచిలోకి ఎలా వచ్చాయో కనిపెట్టడమే మనం చేయాల్సిన పని.

ముందు కాగితాలు కాపాడుకోండి

ఈ ఒక్క విషయంలో నా మాట గట్టిగా నమ్మండి. పాత కాగితాన్ని లామినేషన్ చేయించొద్దు. షాపుకు రోజూ ఎవరో ఒకరు తెచ్చి చేయమంటారు, నేను చేయను. వేడికి కాగితం, సిరా దెబ్బతింటాయి, ఒకసారి అతుక్కున్నాక మళ్లీ విడదీయలేం. సెల్లో టేపు కూడా వేయొద్దు, కొన్నేళ్లకు అది పసుపెక్కి అక్షరాల్ని తినేస్తుంది. మడతల దగ్గర చిరిగిన పత్రాన్ని ప్లాస్టిక్ కవర్లో పరిచి పెడితే చాలు. కాపీ తీయించేటప్పుడు మిషన్ పైనున్న ఫీడర్లో పెట్టనివ్వకండి, అది లాగి చింపుతుంది. మూత తీసి అద్దం మీద బోర్లా పెట్టమనండి. స్కానింగ్ అయితే 600 డీపీఐలో, రంగుల్లో చేయించండి, కాగితం తెలుపు నలుపే అయినా సరే. వెలిసిపోయిన ఊదా సిరా ముద్రలు రంగుల్లో తీస్తేనే కనిపిస్తాయి.

ఫోటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకొద్దు. అద్దం మీదనుంచే, పక్క వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫోను కెమెరాతో తీయండి. తడిసిన కాగితాలను ఎండలో వేయొద్దు. ఫ్యాను కింద నీడలో, మధ్య మధ్య తెల్ల కాగితం పెట్టి, ఆ తెల్ల కాగితాలను గంటకోసారి మారుస్తూ ఆరబెట్టాలి. అలా మేము పెళ్లి పత్రికలు పదకొండు, పోస్టు కార్డులు పందొమ్మిది, ఒక భాగపత్రం దక్కించుకున్నాం. తాత లెక్కల పుస్తకం దక్కలేదు.

ఆ పందొమ్మిది కార్డుల్ని వరసగా పేర్చడానికి ఒక చిన్న గుర్తు ఉపయోగపడింది. పిన్ కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న వచ్చింది. చిరునామాలో 517తో మొదలయ్యే ఆరంకెలు ఉంటే ఆ కార్డు కచ్చితంగా ఆ తర్వాతిది. తపాలా ముద్ర చెరిగిపోయిన కార్డులకు ఇదే ఆధారం.

చేతులు పనిలో ఉన్నప్పుడు అడగండి

మొదటి రోజు నేను చేసిన తప్పు చెబుతాను. మంచం ఎదురుగా కుర్చీ వేసుకుని, ఫోను రికార్డింగ్ పెట్టి, "అవ్వా, 1947లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు నువ్వేం చేస్తా ఉన్నావు?" అని అడిగాను. ఆమె టెన్షన్ పడిపోయింది. "నాకేం తెల్సు నాయనా, మీరు సదువుకున్నోళ్లు" అని ముఖం తిప్పేసుకుంది. వారం దాకా ఏమీ చెప్పలేదు.

తర్వాత ఒక సాయంత్రం నేను మోదుగాకులు, పుల్లలు తెచ్చి ముందర పెట్టాను. పదిహేనేళ్లుగా కుట్టకపోయినా వేళ్లు మరిచిపోలేదు. మొదటి ఆకుకు పుల్ల గుచ్చగానే మాట వచ్చింది. ఆకు ఎక్కడిది, కొండ కింది అడివికి ఎవరెవరు కలిసి పోయేవాళ్లు, గార్డు వస్తే ఎట్లా దాక్కునేవాళ్లు, నూరాకుల కట్ట సత్రంలో ఎంతకు తీసుకునేవాళ్లు, ఏ సత్రం మణేగారు (సత్రం చూసుకునే ఆయన) ఆకు నాసిరకం అని డబ్బు కోసేవాడు... ఆ ఒక్క సాయంత్రం నాలుగు పేజీలు దొరికాయి.

కాబట్టి మీ అవ్వ, మీ నాయన ఏ పని చేశారో ఆ పని ముందర పెట్టండి. దర్జీ అయితే కత్తెర, బస్సు డ్రైవరైతే ఆ రూటులో ఒక ప్రయాణం. ఏ సంవత్సరమని అడగొద్దు. ధర అడగండి. ఏం వండారో అడగండి. ఎవరితో పోయారో, కాళ్లకు చెప్పులున్నాయా, దీపం ఏ నూనెతో వెలిగేదో అడగండి. వాళ్లు చెప్పేదాంట్లో తప్పున్నా అప్పటికప్పుడు దిద్దొద్దు. అదే ప్రశ్న నెల తర్వాత ఇంకో రకంగా అడగండి. రెండుసార్లూ మారకుండా వచ్చినదాన్ని గట్టిదని నమ్మొచ్చు. వాళ్లకు చెప్పి, సరేనన్నాకే రికార్డు చేయండి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకుంటే మంచి చోటే ఎవడో లోను కావాలా అని ఫోను చేస్తాడు. ఫైలుకు ఆ రోజు తేదీ పేరుగా పెట్టి, ఇంకో ఇద్దరి ఫోన్లకు పంపించి ఉంచండి.

సంవత్సరాలు పట్టుకోవడం

ఎక్కువ మంది ఇక్కడే ఆగిపోతారు. "మా అవ్వకు పుట్టిన తేదీ తెలీదు" అంటారు. ఆధార్ కార్డులో మా అవ్వ పుట్టింది 1940 జనవరి 1. అది కార్డు తీసినవాళ్లు వేసిన లెక్క. మా నాయన స్కూలు సర్టిఫికెట్లో జూలై 1 ఉంది, ఆయనతో చదివిన సగం మందికీ జూలై 1నే. వీటిని ఆధారంగా తీసుకోకండి.

అవ్వ చెప్పింది వేరే: "భావ సంవచ్చరం. ఆడికృత్తికకు కావిళ్లు పోతా ఉండినాయంట, మాయమ్మకు నొప్పులొచ్చినాయి." ఇంతకంటే మంచి పుట్టినరోజు దొరకదు. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. ఈ మధ్య వచ్చిన భావ 1994-95. అందులోంచి అరవై తీసేస్తే 1934-35. తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామికి కావిళ్లు ఎత్తే ఆడికృత్తిక పండుగ జూలై, ఆగస్టుల్లో వస్తుంది. కాబట్టి మా అవ్వ పుట్టింది 1934 నడివేసవి దాటాక. మీ దగ్గర పాత పంచాంగం ఉంటే సరే, లేకపోతే ఇప్పటి పంచాంగంలోని పేరు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. సంవత్సరం ఉగాదికి మారుతుంది గనక జనవరి, ఫిబ్రవరిల్లో జరిగినవి ఇంగ్లీషు లెక్కలో తర్వాతి ఏడాదికి పోతాయి. అది మరవొద్దు.

ఈ అరవై ఏళ్ల లెక్క ఒక్కోసారి మోసం చేస్తుంది. "మా అవ్వ వాళ్లమ్మ ధాత కరువులో రోడ్డు పనిలో రాళ్లు కొట్టి కూలి తినిందంట" అని అవ్వ చెప్పింది. ధాత అంటే 1936 అని గబుక్కున రాసేశాను. రెండు రోజుల తర్వాత చూసుకుంటే అవ్వకు అప్పుడు రెండేళ్లు, ఆమె ముత్తవ్వ రాళ్లు కొట్టే వయసులో ఎలా ఉంటుంది? తరానికి పాతికేళ్ల చొప్పున వెనక్కి పోతే ముందరి ధాత తగులుతుంది, 1876. మద్రాసు ప్రెసిడెన్సీని 1876 నుంచి 1878 దాకా నాశనం చేసిన మహా కరువు అది. రాయలసీమ పల్లెల్లో ధాత కరువంటే అదే. సర్కారు అప్పుడు కరువు పనులు పెట్టి రోడ్లు వేయించింది, చెరువులు తవ్వించింది. పుట్టింట్లో ఎవరూ పేరు కూడా చెప్పలేని ఆ ముత్తవ్వకు నూట యాభై ఏళ్ల తర్వాత ఒక చోటు, ఒక పని దొరికాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

భూమి కాగితాల్లో ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కల ఏడాది ఉంటుంది. దానికి 590 కలపండి. ఫసలీ 1362 అంటే 1952 జూలై నుంచి 1953 జూన్ దాకా. షాపుకు వచ్చే కుర్రాళ్లు దాన్ని క్రీస్తుశకం అనుకుని ఆరు వందల ఏళ్ల నాటి అడంగలు దొరికిందని సంబరపడుతుంటారు, నేను లెక్క చెప్పి పంపిస్తుంటాను.

ఇంకా మంచి ఆధారాలు వాళ్ల మాటల్లోనే ఉంటాయి. మొదటిసారి ఓటు వేసింది ఎప్పుడని అడిగితే అవ్వ, "లోపల గదిలో పెట్టెలు వరసగా పెట్టినారు. ఒక్కోదానికి ఒక్కో బొమ్మ. నేను కాడెద్దుల పెట్టెలో చీటీ ఏసినా. మీ నాయన సంకలో ఉన్నాడు" అంది. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టే పద్ధతి మొదటి రెండు సాధారణ ఎన్నికల్లో ఉంది. 1962కి ఒకే చీటీ మీద ముద్ర వేసే పద్ధతి వచ్చింది. ఓటు వయసు అప్పుడు ఇరవై ఒకటి, పద్దెనిమిది అయింది 1989లో. 1952లో అవ్వకు ఓటు లేదు. నాయన పుట్టింది దుర్ముఖి, అంటే 1956. చంకలో బిడ్డతో పెట్టెలో చీటీ వేయాలంటే అది 1957 పార్లమెంటు ఎన్నికే. ఆంధ్ర ప్రాంతంలో అసెంబ్లీకి 1955లోనే జరిగిపోయాయి గనక ఆ ఏడు ఇక్కడ పార్లమెంటుకే ఓటు. ఒక బొమ్మ, ఒక పెట్టె, ఒక చంటిబిడ్డ, ఈ మూడూ కలిసి తేదీ చెప్పాయి. పార్టీ గుర్తులు కూడా ఇలాగే పనికొస్తాయి. కాంగ్రెసుకు కాడెద్దులు 1969 చీలిక దాకా, తర్వాత ఇందిరమ్మ వైపు ఆవూ దూడా, 1978 నుంచి చేయి. "ఆవూ దూడకు ఏసినా" అని ఎవరైనా అంటే డెబ్బైల్లోకి పోండి.

నేను పుట్టిన కథ అమ్మ, అవ్వ ఇద్దరూ ఒకేలా చెబుతారు. నెల తప్పిన కొన్నాళ్లకే స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం మీద పడుతుందని ఊరంతా భయం. అవ్వ గుడ్లు పెట్టే కోడిని కోసేసింది, పోయేముందు కడుపునిండా తినాలని. అది 1979 జూలై. నిండు నెలల్లో ఉన్నప్పుడు సూర్యగ్రహణం. 1980 ఫిబ్రవరి 16. అవ్వ తలుపులు, కిటికీలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, అమ్మను కదలకుండా పడుకోబెట్టింది, చేతికి కత్తిపీట కూడా అందనీయలేదు. పన్నెండు రోజులకు నేను పుట్టాను. ప్రపంచమంతటికీ తెలిసిన రెండు తేదీల మధ్య మా అమ్మ కడుపు ఉంది. ఇలాంటివి మీ ఇంట్లోనూ ఉంటాయి, వెతకండి.

హద్దులు కదిలిన ఊళ్లు

మన జిల్లా వాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన సంగతి ఇది. చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. అంతకు ముందు చంద్రగిరి, చిత్తూరు వైపు ఉత్తర ఆర్కాటు జిల్లాలో, మదనపల్లె వైపు కడప జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి వేరే జిల్లా. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అంతకు ముందటేడాదే, 1984లో, కరణాలు, మునసబుల పద్ధతి రద్దయింది. కరణం ఇంటి అటక మీద ఉండిపోయిన లెక్కలు ఎన్ని చెదలకు పోయాయో. కాబట్టి "మా ముత్తాత పత్రం చిత్తూరులో దొరకలేదు" అని వదిలేయకండి. ఆ సంవత్సరంలో మీ ఊరు ఏ జిల్లా, ఏ తాలూకా అని ముందు చూడండి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి సర్కారు రికార్డులు చాలావరకు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. రిజిస్ట్రేషన్ ఈసీలు కంప్యూటర్లో 1983 నుంచి దొరుకుతాయి, అంతకు ముందువైతే ఆఫీసులో పుస్తకాలు తీసి వెతకాలి. సర్వే నంబరు, ఊరి పేరు, ఏయే ఏళ్ల మధ్య అన్నది రాసుకుని పోండి. ఒక ఆఫీసులో నన్ను మూడుసార్లు తిప్పి పంపారు. నాలుగోసారి పుస్తకం నంబరు నేనే చెప్పాక తీసిచ్చారు.

మా అవ్వ పుట్టింటి సంగతి దీనికంటే కష్టం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు తిరుత్తణి మనతోనే వచ్చింది. అటు తమిళం వైపు మ.పొ.శివజ్ఞానం వాళ్లు తిరుత్తణి కావాలని ఉద్యమం చేశారు. చివరికి మధ్యవర్తిగా వచ్చిన పటాస్కర్ నిర్ణయం ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు వైపు ఊళ్లు చిత్తూరు జిల్లాకు వచ్చాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన తిరుత్తణి ఆయన బతికుండగానే ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరుకు, చిత్తూరు నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది.

ఇదంతా పుస్తకాల్లో ఉంటుంది. అవ్వ పెట్టెలో ఏముందో చూడండి. ఆమె అన్న రాసిన కార్డులు పన్నెండు, అన్నీ తెలుగులో, "చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలికి" అని మొదలవుతాయి. ఆయన పెద్దకొడుకు పెళ్లి పత్రికలో సగం తెలుగు, సగం తమిళం. మనవరాలి పెళ్లి పత్రిక మొత్తం తమిళమే. ఆ ఇంట్లో ఈ రోజుకూ తెలుగే మాట్లాడతారు. చదివే బడి మారింది, అంతే. మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి ఫోటో తీసి పుస్తకంలో ఒక పేజీకి వేశాను. కింద ఒక్క వాక్యమే రాశాను, అవ్వ చెప్పినదే: "నేను ఈడనే ఉండినా, మా ఊరే అవతలికి పోయింది."

ఈ తేదీలు చూస్తుంటే ఒక సంగతి గమనించాను. జిల్లా 1911 ఏప్రిల్ 1, కొత్త పైసలు 1957 ఏప్రిల్ 1, తిరుత్తణి 1960 ఏప్రిల్ 1. సర్కారు లెక్కల ఏడాది అప్పుడు మొదలవుతుంది గనక పెద్ద మార్పులు ఆ రోజుకు పెట్టుకుంటారు. ఎవరైనా "ఉగాది దాటినాక మారింది" అని చెబితే ఆ ఏటి ఏప్రిల్ 1 చుట్టూ వెతకండి.

రెండు పేజీల పద్ధతి

రాయడానికి పెద్ద నోటుబుక్కు తీసుకోండి. ఎడమ పేజీలో మనిషి, కుడి పేజీలో కాలం. ఎడమవైపు ముందు నింపండి. కుడివైపు ఖాళీగా ఉంటే ఉండనివ్వండి.

నేను మొదట తిరగేసి చేశాను. పోటీ పరీక్షల గైడు చూసి స్వాతంత్ర్యోద్యమం, శ్రీబాగ్ ఒప్పందం, పొట్టి శ్రీరాములు గారి త్యాగం అన్నీ పది పేజీలు రాసి, మధ్య మధ్య "ఆ సమయంలో మా అవ్వకు ఇన్నేళ్లు" అని అతికించాను. మా అక్క చదివి, "ఒరే, ఇందులో అవ్వ యాడుందిరా?" అంది. కోపం వచ్చింది గానీ ఆమె మాట నిజం. ఆ పది పేజీలూ తీసేశాను. అప్పటి నుంచి ఒక పరీక్ష పెట్టుకున్నాను. కుడి పేజీలో సంగతిని కొట్టేస్తే ఎడమ పేజీలో ఏదైనా అర్థం కాకుండా పోతుందా? పోతే ఉంచాలి, పోకపోతే తీసేయాలి.

కొత్త పైసలు ఈ పరీక్షలో నిలిచాయి. నూరాకుల కట్ట రెండణాలు. అవ్వ రోజుకు ఎనిమిది కట్టలు కుట్టి ఎనిమిది ఇళ్లలో వేసేది. ఎనిమిది రెండ్లు పదహారణాలు, నిండు రూపాయి. కొత్త డబ్బు వచ్చాక అణాకు ఆరుంపావు నయాపైసలు. రెండణాలకు పన్నెండున్నర. అర పైసా ఎవరూ ఇవ్వరు, పన్నెండే ఇచ్చారు. ఎనిమిది ఇళ్లకూ కలిపి తొంభై ఆరు. "దినామూ నాలుగు పైసలు ఎవుడు తినేసినాడో తెలీక మీ తాతతో కొట్లాడినా" అని అవ్వ చెప్పింది. అరవై ఐదేళ్ల తర్వాత నేను ఆ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే, "అయితే మీ తాత తినలేదు" అంది. ఆమె గొంతు రికార్డులో ఉంది, ఇప్పటికీ వింటుంటాను.

1952 కరువు కూడా నిలిచింది. రాయలసీమలో సర్కారు గంజి కేంద్రాలు పెట్టింది. కొత్త కోడలు బయటికి వచ్చి క్యూలో నిలబడకూడదని అత్త తాను పోయి తెచ్చిన గంజిలో ముందు కోడలికి పోసిన సంగతి అవ్వ మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ ఒకేలా. యూనివర్సిటీ కూడా నిలిచింది. 1954లో శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ వచ్చాక కట్టడాలకు రాళ్లు తోలే పని దొరికిందనే తాత బండి కట్టుకుని పల్లె వదిలి తిరుపతి చేరాడు. జై ఆంధ్ర ఉద్యమంలో బడులు మూతపడ్డాక నాయన మళ్లీ బడికి పోలేదు, అది నాయన కథలో రాయాలి, ఇందులో రెండు వాక్యాలతో సరిపెట్టాను.

తిరుమల ఘాట్ రోడ్డు గురించి చాలా రాయాలనుకున్నాను. మొదటి రోడ్డు 1944లో వచ్చింది. అవ్వ పదకొండేళ్లప్పుడు వాళ్ల నాయనతో మొక్కు తీర్చడానికి కొండకు నడిచే పోయింది, బస్సుకు డబ్బుల్లేక. మోకాళ్ల మెట్ల దగ్గర ఏడిస్తే వాళ్ల నాయన భుజానికి ఎత్తుకున్నాడు. ఆమెకు గుర్తున్నది ఆ భుజమే. రోడ్డు గురించి ఒక్క వాక్యం రాసి ఆపేశాను.

స్వాతంత్ర్యం పేజీ నన్ను ఎక్కువ కష్టపెట్టింది. చివరికి ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను. 1947 ఆగస్టులో వాళ్లమ్మ చలిజ్వరంతో మంచం పట్టింది. పదమూడేళ్ల పిల్ల ఇంటిల్లిపాదికీ సంగటి గెలికింది. జెండా చూసిన గుర్తు లేదు. నేను ఆమె చేతికి జెండా ఇవ్వలేదు, మీరు కూడా ఇవ్వకండి. కానీ గాంధీగారు పోయిన రోజు ఆమెకు బాగా గుర్తు. వాళ్ల నాయన తిరుత్తణి నుంచి వచ్చి ఏమీ మాట్లాడకుండా అరుగు మీద కూర్చున్నాడు. ఆ పూట పొయ్యి ముట్టించలేదు. ఆరు నెలల తేడాలో రెండు పెద్ద సంగతులు జరిగితే, వాటిలో ఒకటే ఆ ఇంటి పొయ్యి దాకా వచ్చింది. ఏది వచ్చిందో, ఏది రాలేదో రెండూ రాయాలి.

తేదీలు సరిచూసుకోవడానికి పాత పేపర్లు చూడండి. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ లాంటి పాత సంచికల్ని ప్రెస్ అకాడమీ వాళ్లు స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టారు. ఒక సంగతి కోసం పోయి పక్కనున్న ప్రకటనలు చదువుతూ కూర్చుంటాం, ఆ టైము వృథా అనుకోకండి. అప్పటి చీరల ధరలు, సైకిలు ధరలు అక్కడే దొరుకుతాయి.

వద్దన్నది వదిలేయండి

అవ్వకు ఒక బిడ్డ చిన్నప్పుడే పోయింది. ఆ సంగతి ఒక రాత్రి చెప్పి, "ఇది రాయద్దు నాయనా" అంది. ఎలా పోయిందో రాయలేదు. బిడ్డ ఉండిందని మాత్రం రాయనా అని మరుసటి రోజు అడిగాను. కొంచెంసేపు ఆలోచించి పేరు చెప్పి, "పేరు రాయి" అంది. ఆ రికార్డింగ్ నా దగ్గరే ఉంది, ఎవరికీ పంపలేదు. బతికున్నవాళ్ల అప్పులు, తగాదాలు, ఆస్తి మాటలు కూడా ఇలాగే. అడిగి రాయండి, వద్దంటే వదలండి.

అచ్చు వేయించి చదివి వినిపించండి

పెద్ద అక్షరాలు వేయించండి, పద్నాలుగు పాయింట్లకు తగ్గకుండా. చదివేది ముసలివాళ్లే. స్పైరల్ కంటే మధ్యలో పిన్ను కొట్టించిన పుస్తకం ఎక్కువ రోజులు ఉంటుంది. ప్రతి పేజీ పక్కన రెండు వేళ్ల వెడల్పు ఖాళీ వదలండి, అది దేనికో చెబుతాను.

మేము నలభై కాపీలు వేశాం. ఆడికృత్తికకు తిరుత్తణి వైపు పోయి అవ్వ పుట్టింట్లో నాలుగు ఇచ్చాం. పిల్లలకు తెలుగు అక్షరాలు రావు గనక వరండాలో కూర్చుని నేనే చదివాను. అవ్వ మేనల్లుడు, నాకు మామ వరస, డెబ్బై దాటినాయన, కళ్లు మూసుకుని విన్నాడు. రెండో పేజీలో "ఇంటికి తూర్పున మంచినీళ్ల బావి" అని చదవగానే చెయ్యెత్తాడు. "తూర్పున కాదబ్బా, ఉత్తరాన. మా అత్త చిన్నప్పుడే వచ్చేసింది గదా, మరిచిపోయుంటుంది. రా, ఇంకా ఉంది, చూపిస్తా."

పోయి చూశాం. ఉత్తరానే ఉంది. మామ జేబులోంచి పెన్ను తీసిస్తే, బావి గట్టు మీద పుస్తకం ఆనించి, పక్కన వదిలిన ఖాళీలో ఆయన చేతే దిద్దించాను. ఆయనకు తెలుగులో సంతకం ఒక్కటే వచ్చు. దిక్కు పేరు తమిళంలో రాసి, కింద తెలుగులో సంతకం పెట్టాడు.